చేపల పైసలు దినాము, లైసెన్స్ పైసలు ఏడాదికోసారి

(సమాఖ్య వార్షిక మహాసభలో చేపల పని చేసే సభ్యుల తరఫున ఒక సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



ప్రతి ఏడాది మహాసభల బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, స్త్రీనిధి ఎంత వచ్చింది, రికవరీ ఎంత శాతం అన్నది చదువుతరు. అవి ఈ పుస్తకంలో ముందు పేజీలల్ల ఉన్నయి. మేము ఇయ్యాల వేరే లెక్క చెప్పడానికి నిలబడ్డం. చేపల మీద బతికే ఇంట్ల ఏడాదికి ఒకసారి కట్టే పైసల లెక్క అది. లైసెన్స్ పైసలు, సొసైటీ పైసలు, రేవు పైసలు. ఇవి చిన్న పైసలే అని అందరూ అనుకుంటరు. మేమూ రాసుకునేదాక అట్లనే అనుకున్నం.

మా సంఘంలో చేపల పని చేసే కుటుంబాలు ఉన్నయి, బీడీలు చేసేటోళ్లు ఉన్నరు, చెరుకు, వరి కూలికి పోయేటోళ్లు ఉన్నరు. కాబట్టి ఈ మాట ఒక్క గంగపుత్రుల కోసం, ముదిరాజుల కోసం మాత్రమే కాదు. ఒకే సంఘంల కూచొని ఒకే డబ్బాల పొదుపు వేసే వాళ్లందరికీ సంబంధించిన మాట.

ముందుగాల మన నీళ్ల సంగతి చెప్పుకుందాం. మన జిల్లాకు నీళ్లు అంటే రెండు పెద్ద పేర్లు. మంజీర మీద నిజాంసాగర్, అది 1931ల పూర్తయింది. గోదావరి మీద పోచంపాడు, అంటే శ్రీరాంసాగర్, దానికి 1963 జూలై 26న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిండ్రు. ఇవి కాక అలీసాగర్, అశోక్‌సాగర్, బోధన్ దగ్గర బెల్లాల్ చెరువు, ఊరూరికి ఒక చెరువు, కుంట. రెంజల్ మండలంల కందకుర్తి దగ్గర మంజీర వచ్చి గోదావరిల కలుస్తది. అక్కడి నుంచి నవీపేట, నందిపేట దిక్కు పోచంపాడు వెనుక నీళ్లు పరుచుకుంటయి. మన చేపల కుటుంబాలు ఎక్కువ ఈ నీళ్ల మీదనే ఉన్నయి.

నిజాంసాగర్ నీళ్ల మీద చెరుకు పండింది, చెరుకు మీద బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ నడిచింది. 1937ల పెట్టిన ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడింది. ఆ తర్వాత మా దిక్కు చెరుకు తగ్గి వరి పెరిగింది. కొందరు మొగోళ్లు గల్ఫ్‌కు పోయిండ్రు. నీళ్ల అలవాటు ఉన్నోళ్లు కొందరు మళ్ల వల పట్టిండ్రు. చెరుకు ఉన్నప్పుడు ఏడాదికి ఒకసారి బిల్లు వచ్చేది, అండ్లకెల్లి ఏడాది బాకీలు కట్టుకునేటోళ్లు. చేపల పైసలు అట్ల రావు. ఇయ్యాల 300, రేపు 700, ఎల్లుండి ఏమీ లేదు. వచ్చినవి వచ్చినట్టే ఉప్పుకు, పప్పుకు పోతయి. కట్టే పైసలు మాత్రం ఏడాదికోసారి ఒక్కతాన వచ్చి నిలబడతయి. మనకు కష్టం ఇక్కడనే మొదలైతది.

ఇగ లైసెన్స్ అంటే ఏంది? చాలామంది సభ్యులకు ఇది తెల్వదు, ఎందుకంటే ఈ కాగితం మొగోళ్ల జేబుల ఉంటది. నీళ్లు మూడు రకాలు. మొదటిది పెద్ద ప్రాజెక్టులు. వీటిల్ల చేపలు పట్టాలంటే మనిషి పేరు మీద మత్స్యశాఖ లైసెన్స్ ఇస్తది, ఏడాదికోసారి కొత్తది చేయించుకోవాలె. రెండోది మత్స్యశాఖ కింద ఉన్న చెరువులు. ఇవి మనిషికి ఇయ్యరు, మత్స్య సహకార సంఘానికి, మనం సొసైటీ అంటం, దానికి లీజుకు ఇస్తరు. సొసైటీల సభ్యుడైతేనే ఆ చెరువుల హక్కు. మూడోది గ్రామ పంచాయతీ కిందున్న చిన్న చెరువులు, కుంటలు. వాటి లెక్క పంచాయతీ దగ్గర ఉంటది. మన ఇంటి మనిషి ఏ నీళ్లల్ల పడుతున్నడు, ఏ కాగితం మీద పడుతున్నడు అన్నది ఇంటి ఆడమనిషికి తెలిసి ఉండాలె. ఇది మొదటి మాట.

రెండో మాట, పైసలు కట్టే కాలం. చెరువుల లెక్క పాత ఫసలీ సంవత్సరం తీరుగ జూలైల తిరుగుతది. వానలు పడి చేపలు గుడ్లు పెట్టే కాలంల ప్రాజెక్టులల్ల వేట బంద్ పెడతరు. అంటే చేతిల పైసలు లేని దినాలల్లనే కొత్త ఏడాది పైసలు కట్టాలె. అదే జూన్‌ల బడులు తెరుస్తరు, పుస్తకాలు, బట్టలు. అదే జూన్‌ల వల కొత్తది కొనాలె, పాతది అల్లాలె, తెప్ప మరమ్మతు చేయాలె. అన్నీ ఒక్క నెల మీద పడతయి. అప్పుడు ఇంటి మొగాయన ఎటు పోతడు? చేపలు కొనే సావుకారు దగ్గరికి పోతడు. సావుకారు కాదనడు, నవ్వుకుంటనే ఇస్తడు. ఆ నవ్వు ధర ఎంతో ఇప్పుడు చెప్తం.

మా సంఘంల ఈ ఏడాది ఒక పని చేసినం. చేపల పని చేసే ప్రతి ఇంట్ల ఒక నోటు పుస్తకం పెట్టినం. చదువు రానోళ్లకు పిల్లలు రాసిండ్రు. లైసెన్స్‌కు ఎంత, సొసైటీకి ఎంత, వలకు ఎంత, తెప్పకు ఎంత, ఐసుకు ఎంత, ఆటోకు ఎంత, రేవు దగ్గర ఎంత అని రాసినం. ఏడాది తిరిగినంక కూచొని చూస్తే లైసెన్స్ వరుస అన్నిటికన్నా చిన్నది. రసీదు ఉన్న వరుస కూడా దాదాపు అదొక్కటే. మిగిలిన పైసలకు కాగితమే లేదు.

ముందు రేవు పైసలు చూడుండ్రి. మన దగ్గర రేవుకు ఫీజు ఇంత అని బోర్డు ఎక్కడా కనిపించది. కానీ పైసలు పోతనే ఉంటయి. వానకాలం నీళ్లు నిండినప్పుడు రేవు ఊరి పక్కకు వస్తది. ఎండకాలం నీళ్లు వెనుకకు పోతే శిఖం భూమి తేలుతది, దాంట్ల ఎవరో ఒకరు పంట వేస్తరు. అప్పుడు రేవు దూరం జరుగుతది. ఆ పంట పక్కకెల్లి బాట ఇచ్చినందుకు కొంత, తెప్ప కట్టేసుకున్నందుకు కొంత, రాత్రి కావలి ఉన్నోనికి కొన్ని చేపలు, ఆటో అదనంగా రెండు కిలోమీటర్లు పోయినందుకు కొంత. వీటికి లెక్క లేదు, అడిగే తావు లేదు.

పోచంపాడుల నీళ్లు ఎప్పుడు నిండుతయి, ఎప్పుడు తగ్గుతయి అన్నదానికి పైన బాబ్లీ ప్రాజెక్టు కూడా ఒక కారణం. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా బాబ్లీ గేట్లు తెరిచి ఉంచాలె. తర్వాత మూస్తరు. అంటే మన రేవు ఏ నెలల ఎక్కడ ఉంటదో కొంతవరకు ముందే అంచనా వేయొచ్చు. అంచనా వేయగలిగిన ఖర్చుకు ముందే పొదుపు చేయొచ్చు.

ఇప్పుడు సావుకారు లెక్క. ఇది మా పుస్తకాలల్ల పదే పదే కనిపించింది. అందరికీ అర్థం కావాలని గుండు అంకెలతోని చెప్తం, మీరు ఇంటికి పోయి మీ అంకెలు వేసుకోండ్రి. జూన్‌ల సావుకారు దగ్గర 10,000 అడ్వాన్సు తెచ్చినమనుకోండ్రి. వడ్డీ లేదంటడు. కానీ చేపలన్నీ ఆయనకే వేయాలె, ఆయన చెప్పిన ధరకే వేయాలె. బయట ధర కన్నా కిలోకు 20 రూపాయలు తక్కువ ఇస్తడనుకోండ్రి. రోజుకు 5 కిలోల చొప్పున ఏడాదిల 200 రోజులు చేపలు పడితే 1,000 కిలోలు. 1,000 కిలోల మీద 20 రూపాయల చొప్పున 20,000 రూపాయలు. ఇండ్ల తరుగు వేరే. పది కిలోలకు అర కిలో తరుగు తీస్తే 1,000 కిలోల మీద 50 కిలోలు, కిలో 100 అనుకున్నా 5,000. మొత్తం 25,000 పోయినయి. ఇంత పోయినంక కూడా 10,000 అసలు అట్లనే ఉంటది.

అదే 10,000 మన సంఘంల నూటికి నెలకు రూపాయి వడ్డీకి తీసుకొని పది నెలలల్ల నెలకు 1,000 చొప్పున కట్టినమనుకోండ్రి. మొదటి నెల వడ్డీ 100, రెండో నెల 90, అట్ల తగ్గుకుంట పోయి పదో నెల 10. మొత్తం వడ్డీ 550 రూపాయలు. అసలు కూడా తీరిపోతది. చేపలు ఎవరు మంచి ధర ఇస్తే వాళ్లకు అమ్ముకోవచ్చు, లేదంటే మనమే గంపల పెట్టుకొని నిజామాబాద్‌ల, బోధన్‌ల అంగడికి తీసుకపోవచ్చు. ఒక దిక్కు 550, ఇంకో దిక్కు 25,000. "వడ్డీ లేదు" అన్న మాటకు ధర అంత ఉంది.

ఇంకో లెక్క చెప్తం. లైసెన్స్, సొసైటీ, వల, తెప్ప, రేవు అన్నీ కలిపి ఒక ఇంటికి ఏడాదికి 12,000 అయితయనుకుందాం. ఏడాదిల 300 రోజులు పక్కకు పెడితే దినానికి 40 రూపాయలు. ఒక్కసారి 12,000 అంటే గుండె జల్లుమంటది. దినానికి 40 అంటే రెండు చాయల పైసలు కొంచెం ఎక్కువ. ఏడాది బాకీని దినం లెక్కకు తెచ్చుకుంటే సావుకారు గడప ఎక్కే పని పడది.

ఈ మాట మా సంఘంల పెట్టినప్పుడు లొల్లి అయింది. ఆ లొల్లి కూడా చెప్పాలె, ఎందుకంటే రేపు మీ సంఘాలల్ల కూడా ఇవే మాటలు వస్తయి.

బీడీలు చేసే ఒక అక్క లేచి, "మేము చాట ముంగట వేసుకొని నడుము వంగిపోయేదాక చుట్టిన పైసలు మీ మొగోళ్ల లైసెన్స్‌కు ఎందుకు ఇయ్యాలె? వాళ్లు కట్టకపోతే ఎవరు బాధ్యులు?" అని అడిగింది. సరైన ప్రశ్న. దానికి మేము కోపం చేసుకోలేదు, లెక్క ముంగట పెట్టినం. మొదటిది, ఇది ఊకె ఇచ్చేది కాదు, అప్పు. వడ్డీ వస్తది, ఆ వడ్డీల బీడీల అక్కకు కూడా వాటా ఉంది. రెండోది, మన సంఘంల కిస్తీలు ఆగిన నెలలు చూస్తే, చేపలు పడని నెలలు, సావుకారు గుంజుకున్న నెలలే ఎక్కువ. సావుకారు పట్టు వదిలితే సంఘం కిస్తీ కూడా సక్కగ వస్తది. ఒక్క ఇంటి కిస్తీ ఆగితే బ్యాంకు దగ్గర మొత్తం సంఘం పేరు ఖరాబైతది, రేపు లింకేజీ అప్పు బీడీల అక్కకు కూడా రాదు. మూడోది, రసీదు చూపించాలె. అప్పు తీసుకున్న 15 రోజులల్ల లైసెన్స్ రసీదు జిరాక్సు సంఘం ఫైల్ల పెట్టాలె. పెట్టకపోతే వచ్చే ఏడాది ఆ పేరు మీద ఈ అప్పు లేదు. మూడో మాట విన్నంక ఆ అక్కనే తీర్మానం మీద మొదటి సంతకం పెట్టింది.

ఇంకొకరు, "లైసెన్స్ లేకున్నా నడుస్తనే ఉంది కదా, ఎందుకు కట్టాలె?" అన్నరు. దీనికి జవాబు కష్టంగ ఉంటది. మా దిక్కు ఒక చెల్లె ఇంటాయన వానకాలం తెప్ప మీద పోయి తిరిగి రాలేదు. కాగితాలు వాళ్ల పెద్దన్న పేరు మీద ఉండె. ఈయన అన్న కాగితం మీదనే నీళ్లల్లకు పోయెటోడు. ఊరంతటికీ ఆయన చేపలు పట్టేటోడని తెలుసు. కానీ కాగితం మీద ఆయన మత్స్యకారుడు కాదు. ఆ చెల్లె ఇద్దరు పిల్లలతోని ఇయ్యాల మన సంఘంల ఉంది. ఆమె పేరు చెప్పం, ఆమె చెప్పొద్దన్నది. కానీ సంగతి చెప్పండ్రి అన్నది.

ఇప్పుడు చూడుండ్రి. 2020 సెప్టెంబర్‌ల మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. మనిషి పోతే, లేదా పూర్తిగా పని చేయలేని తీరు అయితే 5 లక్షలు. శాశ్వతంగా కొంత అంగవైకల్యం వస్తే రెండున్నర లక్షలు. దెబ్బ తగిలి దవాఖానల పడితే 25,000 దాకా. దీని ప్రీమియం మనం కట్టేది లేదు, ప్రభుత్వాలే కడతయి. కానీ పేరు ఎక్కి ఉండాలె. పేరు ఎక్కాలంటే సభ్యత్వం, ఆధార్, బ్యాంకు ఖాతా, నామినీ అన్నీ సక్కగ ఉండాలె. చిన్న పైసలు మిగిలినయని సంతోషపడి, 5 లక్షల కాగితం పోగొట్టుకోవద్దు. ఇయ్యాల ఇంటికి పోయి మొట్టమొదట చూడాల్సింది మీ ఆయన పేరు ఎక్కిందా, నామినీగ మీ పేరు ఉందా అన్నది.

కాగితం విలువ బీడీల అక్కలకు మనకన్నా ఎక్కువ తెలుసు. తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు భృతి ఇచ్చినప్పుడు పీఎఫ్ ఉన్నోళ్లకే ఇచ్చిండ్రు. పక్కపక్కన కూచొని అవే బీడీలు చుట్టిన ఇద్దరిల్ల, పుస్తకంల పేరున్న ఒకరికి వచ్చింది, పేరు లేని ఇంకొకరికి రాలేదు. చేతులు అవే, ఆకు అదే, తంబాకు అదే. చేపల పని కూడా అంతే.

ఇక్కడ మన ఆడోళ్ల మాట వస్తది. చేప నీళ్లల్లకెల్లి బయటికి వచ్చినంక పని అంతా ఎవరిది? ఏరేది మనం, ఐసుల పెట్టేది మనం, గంప ఎత్తేది మనం, పొలుసు తీసి కోసేది మనం, బేరం చేసేది మనం, అమ్ముడు పోనివి ఎండబెట్టేది మనం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2023ల తెచ్చిన పుస్తకంల ప్రపంచం మొత్తం మీద చిన్న చేపల పనిల ఉన్న ప్రతి 10 మందిల 4గురు ఆడవాళ్లే అని లెక్క తేల్చిండ్రు. మరి మన సొసైటీ రిజిస్టర్ల ఆడోళ్ల పేర్లు ఎన్ని ఉన్నయి? మీ ఊరి రిజిస్టరు మీరే తెరిపించి చూడుండ్రి.

పేరు ఎక్కడానికి బాట ఉంది. సొసైటీల సభ్యత్వానికి 18 ఏండ్లు నిండాలె. మత్స్యశాఖ వాళ్లు నైపుణ్య పరీక్ష పెడతరు, ఈత, వల విసిరేది, వల అల్లేది చూస్తరు. మనలో ఈ పని వచ్చినోళ్లు లేరా? ఇంకా మహిళా మత్స్య సహకార సంఘాలు వేరేగ పెట్టుకునే వీలు కూడా ఉంది. మత్స్య సంపద యోజనల సబ్సిడీ మామూలు వాళ్లకు 40 శాతం అయితే, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. లక్ష రూపాయల పనికి మొగాయన పేరు మీద దరఖాస్తు పెడితే 40,000, అర్హత ఉన్న ఆడమనిషి పేరు మీద పెడితే 60,000. ఇల్లు అదే, పని అదే, పేరు మారితే 20,000 తేడా. చేపలు అమ్మే వాహనాలకు కూడా మహిళా సంఘాలు దరఖాస్తు చేసుకోవచ్చు. చేపల పనికి 2018–19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు కూడా ఇస్తున్నరు. సమయానికి కట్టినోళ్లకు ఏడాదికి నూటికి 4 రూపాయల వడ్డీ పడతది. సావుకారు కన్నా, నూటికి మూడు రూపాయల మిత్తి కన్నా ఇది ఎంత నయమో మీకు చెప్పే పని లేదు. నెలకు నూటికి మూడు అంటే ఏడాదికి 36.

మా మొగోళ్లు కొందరు, "నీళ్ల లెక్కలు ఆడోళ్లకు ఎందుకు?" అన్నరు. మేము ఏమన్నమంటే, "మీరు నీళ్ల మీద ఉన్నప్పుడు పొయ్యి మీద ఎసరు లెక్క మేమే చూస్తున్నం కదా, ఆ ఎసరు ఈ నీళ్లకెల్లే వస్తది" అన్నం. తర్వాత వాళ్లే పుస్తకంల అంకెలు చెప్పి రాయించిండ్రు.

ఇగ పైసలు కట్టినోళ్లకు అడిగే హక్కు ఉంటది. అమెరికాల సరదాకు గాలం వేసేటోళ్లు కూడా రాష్ట్రానికి లైసెన్స్ పైసలు కట్టాలె. చాలా చోట్ల పడవ నీళ్లల్లకు దించే రేవుకు కూడా ఫీజు ఉంటది. కానీ అక్కడ 1950ల ఒక చట్టం చేసిండ్రు. లైసెన్స్‌ల మీద వచ్చిన పైసలు చేపల శాఖ పనికే వాడాలె, వేరే పనికి మళ్లిస్తే కేంద్రం ఇచ్చే పైసలు ఆగిపోతయి. అంటే కట్టినోని పైస మళ్ల నీళ్లల్లకే రావాలన్నది అక్కడి నీతి. మన దగ్గర 2016–17 నుంచి ప్రభుత్వం చెరువులల్ల ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నది. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారు తీగ పిల్లలు. నీళ్లు ఏడాదంతా ఉండే చెరువులకు, ప్రాజెక్టులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు, కొన్ని నెలలే నీళ్లుండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు అని కొలత కూడా ఉంది. మరి పిల్లలు వదిలేటప్పుడు మనం ఒడ్డుకు పోయి లెక్క చూస్తున్నమా? స్కేలు పెట్టి కొలుస్తున్నమా? బడిల పిల్లల దగ్గర స్కేలు ఉంటది, అది తీసుకపోతే సరిపోతది. చిన్నపిల్లలు వదిలితే నిలువవు, పెద్ద చేపలు తింటయి, చివరికి మన వలల ఏమీ పడదు.

ఏ నీళ్లకు ఎంత ఫీజు అన్నది మనకు ఎవరో నోటితోని చెప్తే కాదు, కాగితం మీద అడగాలె. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్ల కాగితం మీద రాసి ఇయ్యొచ్చు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నోళ్లకు దాని ఫీజు కూడా లేదు. రాసే చేయి మన వీఓఏ చెల్లెది, సంతకం మనది.

మన వైపు బాధ్యత కూడా ఒకటి ఉంది, దాన్ని దాచొద్దు. చిన్న కన్నుల వలతోని వేలంత పిల్లలను గుంజితే వచ్చే ఏడాది కడుపు మనమే కొట్టుకున్నట్టు. కృష్ణ దిక్కు అలివి వలల మీద లొల్లులు పేపర్ల చూస్తనే ఉన్నం. 1897 నుంచే ఈ దేశంల మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టొద్దని చట్టం ఉంది. మన కొర్రమీనును తెలంగాణ రాష్ట్ర చేపగ పెట్టుకున్నం. పేరు పెట్టుకొని పిల్లలను చంపుకుంటే ఎట్ల? వేట బంద్ ఉన్న నెలలల్ల ఆగితే మనకే లాభం. ఆగాలంటే ఆ నెలలకు ఇంట్ల బియ్యం ఉండాలె. కాబట్టి మళ్ల పొదుపు దగ్గరికే వస్తం.

మత్స్య సంపద యోజనల కూడా ఇదే తీరు పెట్టిండ్రు. బంద్ కాలం భృతికి మత్స్యకారుడు 1,500 పొదుపు చేస్తే ప్రభుత్వాల వాటా 3,000 కలిపి మొత్తం 4,500, మూడు నెలలకు నెలకు 1,500 చొప్పున ఇచ్చే నియమం. చేపలు పడ్డప్పుడు దాచి, పడనప్పుడు తినుడు. మన సంఘాలు పుట్టినప్పటి నుంచి చేస్తున్నది ఇదే.

చివరగా మా సంఘం పెట్టుకున్న తీర్మానాలు చెప్తం. మహాసభ వీటిని అన్ని గ్రామ సంఘాలకు పెట్టాలని కోరుతున్నం.

1. చేపల పని చేసే సభ్యులు మామూలు పొదుపు కాక "ఏడాది ఖర్చుల పొదుపు" వేరే రాయాలె. పాసు పుస్తకంల వేరే వరుస. మృగశిర కార్తె రోజు చేపలకు గిరాకీ ఉంటది, ఆ రోజు అమ్మకంల కొంత తప్పకుండ ఇండ్ల వేయాలె.

2. లైసెన్స్, వల, తెప్ప అప్పులు జూన్‌ల కాదు, మే నెల మీటింగులనే మైక్రో క్రెడిట్ ప్లాన్ల పెట్టాలె. పది కిస్తీలు. 15 రోజులల్ల రసీదు.

3. ప్రతి గ్రామ సంఘం ఒక ఎలక్ట్రానిక్ కాంటా కొని రేవు దగ్గర పెట్టాలె. తూకం మనది అయితే తరుగు తగ్గుతది.

4. చేపలు పట్టే, కోసే, అమ్మే 18 ఏండ్లు నిండిన ఆడవాళ్ల పేర్లు రాసి, సభ్యత్వం కోసం మత్స్యశాఖకు దరఖాస్తు పెట్టాలె. అందరి బీమా, నామినీ వివరాలు ఏడాదికోసారి మీటింగుల చదవాలె.

5. ఒకరి కాగితం మీద ఇంకొకరు నీళ్లల్లకు పోవొద్దు. లైఫ్ జాకెట్ లేకుండ పోవొద్దు. చిన్న కన్నుల వలకు సంఘం అప్పు ఇయ్యొద్దు.

6. రేవు దగ్గర ఎవరికి ఏ పైసలు ఇచ్చినా తారీఖుతోని పుస్తకంల రాయాలె. ఆరు నెలలకోసారి ఆ లెక్క సమాఖ్యకు ఇయ్యాలె. అందరి లెక్క ఒక్కతాన కలిస్తేనే పోయి అడగడానికి బలం వస్తది.

మన పంచసూత్రాలల్ల ఐదోది పుస్తకాలు సక్కగ రాసుడు. మిగిలిన నాలుగింటిని నిలబెట్టేది అదే. పుస్తకంల రాయని పైసలు గాలిల కలిసినట్టే పోతయి, రాసిన పైసల గురించి అడగొచ్చు. వచ్చే ఏడాది మహాసభల ఎన్ని ఇండ్లల్ల సావుకారు అడ్వాన్సు బంద్ అయింది, ఎందరు ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్ల ఎక్కినయి అన్న రెండు అంకెలు మా సంఘం ఇదే వేదిక మీద చదువుతది. మీ సంఘాల అంకెలు కూడా తీసుకరాండ్రి, పక్కపక్కన పెట్టుకొని చూద్దాం.